ఫోరమ్ పక్కన చాట్ సర్వర్ పెట్టాలా: మా మిద్దె తోటల ఫోరమ్‌లో జరిగింది, మీకు నా సలహా

ప్రశ్న: "ఇంటి సోలార్, ఇన్వర్టర్, బ్యాటరీల మీద హైదరాబాద్ నుంచి నాలుగేళ్లుగా తెలుగు ఫోరమ్ నడుపుతున్నాం. క్రమం తప్పకుండా జవాబులు చెప్పేవాళ్లు ఆరుగురు ఉన్నారు. కుర్రవాళ్లు డిస్కార్డ్ సర్వర్ కావాలంటున్నారు. ఒకతను ఇప్పటికే తెరిచేశాడు, రెండు వారాల్లో రెండు వందల మంది చేరారు. ఫోరమ్ అప్పుడే కొంచెం పలచబడినట్టు అనిపిస్తోంది. దీన్ని ప్రోత్సహించాలా, ఆపాలా? చాట్ వల్ల ఫోరమ్ బాగుపడుతుందా, పాడవుతుందా?"

చాట్ ఉండనివ్వండి. కానీ ప్రశ్నలు అడిగే చోటుగా దాన్ని మారనివ్వకండి. నేను చూసినంతలో, కబుర్లు చాట్‌కి వెళ్లిపోతే ఫోరమ్‌కి వచ్చే నష్టం ఏమీ లేదు. ప్రశ్నలు వెళ్లిపోతే మాత్రం ఆరు నెలల్లో ఫోరమ్ ఎండిపోతుంది. ప్రశ్నల వెనకే జవాబులు చెప్పేవాళ్లూ వెళ్లిపోతారు కాబట్టి. మాకు ఇది స్వయంగా తగిలిన దెబ్బ. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మాది మిద్దె తోటల ఫోరమ్. 2012లో సైనిక్‌పురిలో నలుగురం కలిసి మొదలుపెట్టాం. మొదట పీహెచ్‌పీబీబీ అనే ఫోరమ్ సాఫ్ట్‌వేర్ మీద ఉండేది, తర్వాత డిస్కోర్స్‌కి మార్చాం. పేర్లు దగ్గరగా ఉండడంతో చాలామంది పొరబడతారు కాబట్టి చెబుతున్నాను: డిస్కోర్స్ అంటే 2013లో జెఫ్ ఆట్‌వుడ్, ఆయన సహచరులు తెచ్చిన ఫోరమ్ సాఫ్ట్‌వేర్. డిస్కార్డ్ అంటే 2015లో గేమ్స్ ఆడేవాళ్ల కోసం మొదలైన చాట్ యాప్. మీ కుర్రవాళ్లు అడుగుతున్నది రెండోది. అందులో పెట్టుకునే గ్రూప్‌నే సర్వర్ అంటారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. నర్సరీలు మూసేశారు, అందరూ ఇళ్లలోనే ఉన్నారు, ఖాళీగా ఉన్న ప్రతివాళ్లూ మిద్దె ఎక్కారు. ఫోరమ్‌లో కొత్తవాళ్లు ఎక్కువయ్యారు, "ఇంత నెమ్మదిగా ఉంటే ఎలా, ఒక గ్రూప్ పెట్టండి" అన్నారు. టెలిగ్రామ్‌లో పెట్టాం. మొదటి నెల చూసి నాకు కడుపు నిండిపోయింది. కుషాయిగూడలో ఒకావిడ దగ్గర వంగ నారు మిగిలితే గంటలో ఈసీఐఎల్ దగ్గర ఇంకొకరు వచ్చి గేటు బయటి నుంచే తీసుకెళ్లారు. పొద్దున్నే బీరపూల ఫోటోలు, సాయంత్రం కోసిన ఆకుకూరల ఫోటోలు. ఏళ్ల తరబడి పేర్లు మాత్రమే తెలిసినవాళ్లు ఒకరినొకరు అక్కా, అన్నా, పిన్నిగారూ అని పిలుచుకోవడం మొదలైంది. ఆ దగ్గరితనం ఫోరమ్ ఎప్పుడూ ఇవ్వలేదు. దాన్ని నేను ఇప్పటికీ తక్కువ చేయను.

వానాకాలం వచ్చేసరికి ఫోరమ్‌లో కొత్త ప్రశ్నలు సగానికి పడిపోయాయి. మొదట పట్టించుకోలేదు. గ్రూప్‌లో సందడి ఉంది కదా, అంతా ఒకటే కుటుంబం కదా అనుకున్నాం. అక్కడే పొరపాటు జరిగింది.

"ఆకుల కింద తెల్లగా దూదిలా పట్టింది, ఏం కొట్టాలి?" మిద్దె తోటల్లో మాకు వచ్చే ప్రశ్నల్లో మొదటి వరుసలో ఉండేది ఇది. అది పిండినల్లి. మా ఫోరమ్‌లో దాని మీద 2014 నాటి చర్చ ఒకటి ఉంది, ఫోటోలతో సహా. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలవడానికి కొంచెం సబ్బు ద్రావణం, ఎండ దిగాక సాయంత్రం కొట్టాలి, వారానికి ఒకసారి చొప్పున మళ్లీ కొట్టాలి, కుండీ చుట్టూ చీమలు తిరుగుతుంటే వాటిని కూడా ఆపాలి, ఎందుకంటే పిండినల్లిని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోసేది అవే. ఈ చివరి మాట అసలు జవాబులో లేదు. ఏడాది తర్వాత ఒక సభ్యుడు వచ్చి "నేను మూడుసార్లు కొట్టినా మళ్లీ వస్తోంది" అంటే, దాని కింద జరిగిన సంభాషణలో బయటపడింది. అలా ఒక్కొక్కరూ ఒక్కొక్క ముక్క చేర్చగా అది గట్టి జవాబు అయింది.

గ్రూప్‌లో అదే ప్రశ్నకి వచ్చిన జవాబు: "వేపనూనె కొట్టండి." అంతే. ఎంత కొట్టాలి, ఎప్పుడు కొట్టాలి అని అడిగే లోపే ఎవరో గులాబీ ఫోటో పెట్టారు, మాట అటు పోయింది. ఆ జవాబు చదివి ఒక సభ్యురాలు మిట్టమధ్యాహ్నం ఎండలో చిక్కగా కలిపి కొట్టేశారు. రెండు రోజుల్లో టమాటా మొక్కల ఆకులన్నీ మాడిపోయాయి. ఆవిడ మళ్లీ ఏమీ అడగలేదు, తోటే మానేశారు. ఈ సంగతి నాకు ఎనిమిది నెలల తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది. సరైన జవాబు మా దగ్గరే ఉంది. ఆరేళ్ల నుంచీ ఉంది. ఆవిడకి చేరలేదు.

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. మా ఫోరమ్‌కి వెన్నెముక అనదగ్గ పెద్దాయన ఒకరున్నారు, వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఫోరమ్‌లో రోజుకి ఒకటో రెండో జవాబులు, తీరిగ్గా, పేరా పేరాలుగా రాసేవారు. గ్రూప్‌లోకి పిలిచాం, వచ్చారు. మూడు నెలలు ఓపికగా చెప్పారు. పొద్దున ఒకరు పిండినల్లి అడిగితే చెప్పారు. మధ్యాహ్నం ఇంకొకరు అదే అడిగితే చెప్పారు. రాత్రి మూడో మనిషి అడిగితే మళ్లీ చెప్పారు. ఒకరోజు నాకు ఫోన్ చేసి "బాబూ, నిన్న చెప్పిందే ఇవాళ చెప్తున్నాను, ఇవాళ చెప్పింది రేపు ఉండదు. నాకు నీళ్ల మీద రాస్తున్నట్టుంది" అన్నారు. ఆ తర్వాత గ్రూప్‌లో కనిపించలేదు, ఫోరమ్‌కీ రాలేదు. తిరిగి రప్పించడానికి ఏడాది పైన పట్టింది. జవాబు చెప్పేవాడికి డబ్బు రాదు, పేరూ పెద్దగా రాదు. తను రాసింది నిలుస్తుంది, రేపు ఎవరికో పనికొస్తుంది అన్న నమ్మకం ఒక్కటే అతనికి మిగిలేది. దాన్ని తీసేస్తే ఎవరూ ఎక్కువ కాలం నిలబడరు. మీకున్నది ఆరుగురే కాబట్టి మీరు అన్నిటికంటే జాగ్రత్తగా కాపాడుకోవాల్సింది వాళ్ల ఓపికను. సభ్యుల సంఖ్య తర్వాతి మాట.

ఇక చాట్ నిజంగా పనికొచ్చిన రోజు గురించి కూడా చెప్పాలి. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన ఇక్కడివాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆ సాయంత్రం నుంచే గ్రూప్‌లో హెచ్చరికలు మొదలయ్యాయి. మిద్దె మీద నీళ్లు పోయే గొట్టాల నోళ్లలో ఎండుటాకులు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇరుక్కుని నీళ్లు నిలిచిపోతున్నాయని ఒకరు చెబితే, పది మంది టార్చిలైట్లు పట్టుకుని పైకెళ్లి చూసుకున్నారు. ఎక్కడ రోడ్డు మునిగింది, ఎవరి సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయి, ఎవరికి పాలు కావాలి, అన్నీ ఆ గ్రూప్‌లోనే తెలిశాయి. ఆ రాత్రి ఫోరమ్ దేనికీ పనికిరాలేదు, పనికిరాదు కూడా. అది అలాంటి పనికోసం పెట్టింది కాదు.

అయితే ఆ తర్వాత వారం ఒక సభ్యురాలు తనంతట తాను ఒక పని చేసింది. ఆ రాత్రి గ్రూప్‌లో వచ్చిన వందల మెసేజ్‌లు చదివి, అందులో పనికొచ్చేవి ఏరి, "వానాకాలం ముందు మిద్దె మీద చూసుకోవాల్సినవి" అని ఫోరమ్‌లో ఒక చర్చ మొదలుపెట్టింది. గొట్టాల నోళ్లకి జాలీ పెట్టడం, కుండీలను మిద్దె నడిమధ్యన కాకుండా దూలాల మీదకి వచ్చేలా సర్దడం, కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోయాయో లేదో చూడడం, ఇలాంటివి. ఇప్పటికీ ఏటా మృగశిర కార్తె దగ్గర పడుతుంటే జనం దాన్ని వెతుక్కుని చదువుతారు. ఆ అమ్మాయి చేసిన పని చూశాకే చాట్‌కీ ఫోరమ్‌కీ మధ్య ఏముండాలో నాకు అర్థమైంది. అక్కడి మాటని ఇక్కడికి మోసుకొచ్చే మనిషి ఉండాలి. మేము ఆ బాధ్యతకి "లేఖరి" అని పేరు పెట్టాం. దాని గురించి కింద రాస్తాను.

నేను ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్స్ పరీక్షలకి చదివే రోజుల్లో చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చునేవాణ్ని. లోపల నిశ్శబ్దం, బయట టీ బండి. నిజం చెప్పాలంటే సగం డౌట్లు ఆ టీ బండి దగ్గరే తీరేవి. కానీ మాలో ఒకతనికి ఒక అలవాటు ఉండేది. టీ తాగి లోపలికి రాగానే బయట విన్నది నోట్‌బుక్‌లో రాసుకునేవాడు, తేదీతో సహా. పరీక్ష ముందు వారం మేమందరం ఆ నోట్‌బుక్ చుట్టూ చేరేవాళ్లం. టీ బండి లేకపోతే అందులో సగం పేజీలు ఉండేవి కావు. నోట్‌బుక్ లేకపోతే టీ బండి దగ్గర విన్నది ఆ సాయంత్రానికే పోయేది. చాట్ ఆ టీ బండి లాంటిది, ఫోరమ్ ఆ నోట్‌బుక్ లాంటిది.

తెలుగు ఫోరమ్‌లకి ప్రత్యేకంగా ఉన్న ఒక చిక్కు గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం ఇదే చాలా ముఖ్యం అనిపిస్తుంది. ఫోరమ్‌లో జనం తెలుగు లిపిలో రాస్తారు. సమయం ఉంటుంది, వాక్యం పూర్తి చేస్తారు. చాట్‌లోకి రాగానే అదే మనుషులు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొడతారు, లేదా వాయిస్ మెసేజ్ పెడతారు. తొందరలో అది సహజం, తప్పు పట్టలేం. కానీ "వేరుకుళ్లు" అనే మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాయొచ్చో ఆలోచించండి. ఒకరు రెండు ఎల్‌లు పెడతారు, ఒకరు ఒకటే పెడతారు, ఒకరు రెండు మాటలుగా విడదీస్తారు. వెతికితే దొరకదు. వాయిస్ మెసేజ్‌లో ఉన్నదైతే అక్షరాలతో వెతకడానికి అసలు ఏమీ ఉండదు. మా గ్రూప్‌లో పెద్దాయన జీవామృతం అనే సేంద్రియ ఎరువు గురించి చెప్పిన నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ ఒకటి ఉంది. 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల పేడ, గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, ఈ కొలతని నాలుగు కుండీలున్న ఇంటికి ఎలా తగ్గించుకోవాలో అద్భుతంగా చెప్పారు. అది ఎప్పుడు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. దాన్ని వెతికి పట్టుకోవడానికి ఇద్దరు మనుషులకి ఒక ఆదివారం మొత్తం పట్టింది. తెలుగులో ఏ విషయం మీదైనా నెట్‌లో నమ్మదగ్గ రాత తక్కువ. మీ ఆరుగురు తెలుగులో బ్యాటరీ గురించి రాసే ప్రతి పేరా ఆ లోటుని కొంచెం పూడుస్తుంది. అదే మాట చాట్‌లో చెబితే పూడదు.

దీనికి తోడు, డిస్కార్డ్‌లో జరిగే సంభాషణ గూగుల్‌కి కనిపించదు. సర్వర్‌లో చేరినవాళ్లకి మాత్రమే కనిపిస్తుంది. మీ ఫోరమ్‌కి కొత్తవాళ్లు ఎలా వస్తున్నారో ఒకసారి చూడండి. నాకు తెలిసిన ఏ ఫోరమ్‌లోనైనా ఎక్కువమంది ఏదో సమస్య వచ్చి, గూగుల్‌లో కొట్టి, పాత చర్చ ఒకటి చదివి, బాగుందనిపించి చేరినవాళ్లే. కొత్త చర్చలు ఆగిపోతే ఆ దారి మెల్లగా మూసుకుపోతుంది. వెంటనే తెలియదు. పాత చర్చల బలంతో కొన్నాళ్లు నడుస్తుంది. తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

2022లో డిస్కార్డ్ "ఫోరమ్ ఛానల్" అనే సదుపాయం తెచ్చింది. ప్రతి ప్రశ్నకీ శీర్షిక, దాని కింద జవాబులు, చూడ్డానికి ఫోరమ్ లాగే ఉంటుంది. మీ కుర్రవాళ్లు ఇది చూపించి "ఇంక వేరే ఫోరమ్ ఎందుకు" అంటారు, మాకూ అన్నారు. చాట్ లోపల క్రమం కోసం అది మంచిదే. కానీ అది కూడా మూసిన తలుపుల వెనకే ఉంటుంది, పైగా మన చేతిలో ఉండదు. ఆ చరిత్ర మొత్తాన్ని సర్వర్ పెట్టినవాళ్లు దింపుకోవడానికి డిస్కార్డ్ ఇచ్చిన మార్గం ఏదీ లేదు. టెలిగ్రామ్‌లో అయితే కంప్యూటర్ యాప్ నుంచి గ్రూప్ చరిత్రని దింపుకోవచ్చు, మేము మూడు నెలలకోసారి చేస్తాం. వాట్సాప్ గ్రూప్‌లో కొత్తగా చేరినవాళ్లకి పాతదంతా కనిపించదు కాబట్టి ఈ పనికి నేను దాన్ని అసలు సూచించను.

వేరేవాళ్ల ఇంట్లో దాచుకున్నది ఎప్పటికైనా వాళ్ల ఇష్టమే. గూగుల్ నడిపిన సోషల్ నెట్‌వర్క్ ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. తెలుగు సాహిత్యం మీద "రచ్చబండ" లాంటి చర్చా బృందాలు నడిచిన యాహూ గ్రూప్స్‌లో పాత మెసేజ్‌లు తీసేస్తామని 2019లో చెప్పారు, 2020 డిసెంబర్‌లో మొత్తం సేవే ఆపేశారు. ముందుగా దాచుకున్నవాళ్ల దగ్గర ఉన్నవి మిగిలాయి. ఫోరమ్‌కి అయితే రోజూ బ్యాకప్ తీసి మన దగ్గర పెట్టుకోవచ్చు. మీ విషయంలో ఇంత చెప్పాల్సిన అవసరం లేదేమో, కానీ మీ బ్యాకప్ చివరిసారి ఎప్పుడు తీశారో ఇవాళే చూడండి.

మీ విషయానికి వస్తే నాకు టెన్షన్ పెట్టేది ఇంకొకటి ఉంది. మా దగ్గర తప్పు జవాబు వస్తే మొక్క పోతుంది. మీ దగ్గర కరెంటు ఉంది, యాసిడ్ ఉంది. "బ్యాటరీలో నీళ్లు తగ్గాయి, ఏం పోయాలి" అని చాట్‌లో రాత్రి పదిన్నరకి ఎవరో అడుగుతారు. ఇంకెవరో "కుళాయి నీళ్లు పోసెయ్యండి, నేను అదే పోస్తా" అంటారు. డిస్టిల్డ్ వాటరే పోయాలని తెలిసినవాళ్లు అప్పటికి నిద్రపోయి ఉంటారు. పొద్దున లేచి చూసేసరికి రెండు వందల మెసేజ్‌లు పైకి పోయి ఉంటాయి. అడిగినవాళ్లు పోసేసి ఉంటారు. ఫోరమ్‌లో కూడా తప్పు జవాబులు వస్తాయి, రావని కాదు. కానీ అక్కడ తప్పు కింద సవరణ వస్తుంది, రెండూ కలిసే ఉంటాయి, తర్వాత వచ్చినవాళ్లు రెండూ చదువుతారు. గాలి ఆడని గదిలో లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్ పెట్టడం, ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడడం, ప్యానెళ్ల వైర్లు విప్పడం, ఇలాంటి ప్రాణం మీదకొచ్చే విషయాల మీద చాట్‌లో సలహా ఇవ్వకూడదని మొదటి రోజే నియమం పెట్టండి. దీంట్లో మొహమాటం వద్దు.

పెద్దవాళ్లు ఈ రెండిటినీ ఎలా నడుపుతున్నారో చూడడం నాకు బాగా ఉపయోగపడింది. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో మొదలైంది, 2010లో చాట్ పెట్టారు. కానీ చాలా ఏళ్లపాటు ఆ చాట్‌లో మాట్లాడాలంటే ముందు సైట్‌లో ప్రశ్నలకో జవాబులకో 20 పాయింట్లు సంపాదించాల్సి ఉండేది. అంటే అసలు ఇంట్లో కొంత పని చేశాకే వసారాలోకి ప్రవేశం. ఇంగ్లిష్ వికీపీడియాలో ఇంకో రకం కట్టుబాటు ఉంది: ఏకాభిప్రాయం కుదిరిందనడానికి వికీలో జరిగిన చర్చే లెక్క, బయట ఎక్కడ ఏం మాట్లాడుకున్నా అది లెక్కలోకి రాదు. తెలుగు వికీపీడియాలో కూడా అందరూ చేరి మాట్లాడుకునే పేజీ పేరు రచ్చబండే, అది వికీలోనే అందరికీ కనిపించేలా ఉంటుంది. బయట కలిసి మాట్లాడుకోవడాన్ని ఎవరూ ఆపలేదు. నిర్ణయం, జ్ఞానం మాత్రం ఇంటికి రావాలన్నారు.

2021లో మేము ఇలాంటి మార్పులే చేశాం, ఫోరమ్ నెమ్మదిగా తేరుకుంది. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది చాలా చిన్న పని: గ్రూప్ పేరులో "సహాయం", "డౌట్లు" లాంటి మాటలేవీ లేకుండా చేయడం. డిస్కార్డ్‌లో గదులు విడివిడిగా ఉంటాయి కాబట్టి మీకు ఇది ఇంకా సులువు. గది పేరు ఏదైతే జనం అదే చేస్తారు. "సహాయం" అని గది పెడితే ఎన్ని నియమాలు రాసినా అక్కడే అడుగుతారు. "ఇవాళ మా ఇంటి ప్యానెళ్లు", "మీ ఏరియాలో కరెంటు ఉందా", "అమ్మకానికి, ఇవ్వడానికి", "పరిచయాలు" ఇలా పెట్టండి. ఎవరైనా ప్రశ్న అడిగితే కసురుకోవద్దు, మొహం చిన్నబుచ్చుకునేలా నియమాలు చూపించవద్దు. "ఇది మంచి ప్రశ్న, ఫోరమ్‌లో పెట్టండి, అక్కడ చెప్తాను" అనాలి. అని వదిలేయకుండా, వాళ్లు పెట్టిన పది నిమిషాల్లో నిజంగా అక్కడ జవాబు రాయాలి. మొదటి రెండు నెలలు దీనికి శ్రమ పడాలి. ఫోరమ్‌లో అడిగితే మూడు రోజులకి గానీ పలకరు అన్న అభిప్రాయం వల్లే జనం చాట్‌కి పరిగెడతారు. ఆ అభిప్రాయం మారితే సగం సమస్య తీరినట్టే. మేము ఏడుగురం వారంలో రోజుకొకరం పంచుకున్నాం. ఆ రోజు వచ్చిన ప్రతి కొత్త ప్రశ్నకీ ఆ మనిషి కనీసం ఒక్క మాటైనా పలకాలి. పూర్తి జవాబు తెలియకపోయినా "ఫోటో పెట్టండి", "బ్యాటరీ ఎన్నేళ్లది" అని అడిగినా చాలు.

మీ ఫోరమ్ డిస్కోర్స్ మీద ఉంటే, ఫోరమ్‌లో కొత్త చర్చ మొదలవగానే దాని లింకు డిస్కార్డ్‌లోనో టెలిగ్రామ్‌లోనో తనంతట పడేలా చేసే ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే అదనపు భాగం) ఉంది. ఇది తప్పకుండా పెట్టండి. చాట్‌లో కూర్చున్నవాళ్లకి ఫోరమ్ ప్రశ్నలు కనిపిస్తూ ఉంటాయి, వెళ్లి జవాబు చెప్పి వస్తారు. మాకు చాట్ వల్ల ఫోరమ్‌కి జరిగిన మేలులో పెద్ద భాగం ఇదే. లింకులు ఒక్క గదిలోనే పడేలా చూడండి, అన్నిచోట్లా పడితే విసుగొస్తుంది.

లేఖరి సంగతి. వారానికొకరు, వంతులవారీగా. ఆ వారం చాట్‌లో వచ్చిన పనికొచ్చే మాటలు రెండో మూడో ఏరి, చెప్పినవాళ్ల అనుమతి అడిగి, వాళ్ల పేరుతోనే ఫోరమ్‌లో పెట్టాలి, తెలుగు లిపిలో, పూర్తి వాక్యాలుగా. పేరు పెట్టడం మర్చిపోవద్దు. తను చాట్‌లో అన్న మాట ఫోరమ్‌లో తన పేరుతో నిలబడడం చూసుకున్న మనిషి తర్వాతిసారి నేరుగా అక్కడే రాస్తాడు. మాకు బాగా జవాబులు చెప్పేవాళ్లు ఇద్దరు అలాగే దొరికారు. వారానికి గంట, గంటన్నర పని. ఎవరూ దొరకని వారం వదిలేస్తాం, బలవంతం చేయం.

చాట్ లింకుని ఫోరమ్ మొదటి పేజీలో పెట్టకండి. కొన్నాళ్లు చదివి, ఒకటి రెండు పోస్టులు రాసినవాళ్లకే కనిపించేలా పెట్టండి. డిస్కోర్స్‌లో సభ్యుల నమ్మక స్థాయిలు ఉంటాయి కాబట్టి ఇది సెట్టింగ్‌లోనే అవుతుంది.

ఇక కాపలా. ఫోరమ్‌ని పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూస్తే సరిపోతుంది. చాట్ అలా కాదు, గొడవ పది నిమిషాల్లో ముదురుతుంది. దానికి వేరే మనుషులు కావాలి, మీ ఆరుగురి మీదే ఆ బరువు కూడా వేస్తే జవాబులు రాసే సమయం పోతుంది. ముఖ్యంగా ఆడవాళ్ల విషయం. మా గ్రూప్‌లో చేరిన ఇద్దరికి ఎవరో రాత్రిపూట నేరుగా మెసేజ్‌లు పెట్టి విసిగించారు. వాళ్లు మాకు చెప్పకుండానే వెళ్లిపోయారు, ఆలస్యంగా తెలిసింది. ఆ మనిషిని తీసేశాం, కానీ వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. సర్వర్‌లో ఉన్నవాళ్ల నుంచి నేరుగా మెసేజ్‌లు రాకుండా ఆపుకునే సెట్టింగ్ డిస్కార్డ్‌లో ఉంది. చేరిన ప్రతి ఒక్కరికీ స్వాగతం చెప్పేటప్పుడే అది చూపించండి, ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలో ఒక మహిళా నిర్వాహకురాలి ఖాతా కూడా అక్కడే ఇవ్వండి.

మంచో చెడో ఎలా తెలుస్తుంది అంటే, చాట్‌లో మెసేజ్‌ల సంఖ్య చూసి మురిసిపోవద్దు, దిగులుపడొద్దు. నేను నెలకోసారి రెండే లెక్కలు చూస్తాను. ఫోరమ్‌లో జీవితంలో మొదటిసారి ప్రశ్న అడిగినవాళ్లు ఈ నెల ఎంతమంది? పోయినేడాది జవాబులు చెప్పినవాళ్లలో ఈ నెల కూడా చెప్పినవాళ్లు ఎంతమంది? మొదటిది నిలకడగా ఉండి, రెండోది తగ్గకపోతే చాట్ మీకు మేలే చేస్తోంది. రెండోది తగ్గడం మొదలైతే వెంటనే వాళ్లలో ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. ఈమెయిల్ పెట్టొద్దు, ఫోన్ చేయండి.

జవాబులు చెప్పేవాళ్లు ఆరుగురే ఉన్న చోట రోజంతా తెరిచి ఉండే చాట్ నడపడం కష్టమని నాకు అనిపిస్తోంది. మనుషులు రెండు చోట్లకి పలచబడతారు. మీ స్థానంలో ఉంటే మొదటి మూడు నెలలు కబుర్ల గదులు మాత్రం తెరిచి ఉంచి, ఆదివారం సాయంత్రం ఒక్క గంట "అడగండి, చెబుతాం" అని పెట్టేవాణ్ని. ఆ గంటలో వచ్చినవన్నీ లేఖరి మంగళవారం లోపు ఫోరమ్‌లోకి ఎక్కిస్తాడు. చాట్‌లో ఉండే ఉత్సాహమూ దక్కుతుంది, రాత కూడా మిగులుతుంది.

చివరగా, సర్వర్ తెరిచిన ఆ కుర్రవాడి గురించి. దయచేసి దాన్ని పోటీగా చూడకండి, మూసెయ్యమని అసలు చెప్పకండి. మూస్తే వాళ్లు ఇంకోచోట తెరుస్తారు, అప్పుడు మీకు అందులో మాట కూడా ఉండదు. రెండు వారాల్లో రెండు వందల మందిని కూడగట్టిన మనిషి మీకు దొరకడం అదృష్టం. ఒకరోజు పిలిచి కూర్చోబెట్టి మీ ఫోరమ్‌లో ఎక్కువమంది చదివిన పాత చర్చలు నాలుగు చూపించండి, అవి ఎలా పెరిగాయో చెప్పండి. సర్వర్‌ని ఫోరమ్ పేరుతోనే నడుపుదాం, నిర్వాహకుడివి నువ్వే, మాలో ఇద్దరం కూడా నిర్వాహకులుగా ఉంటాం అని అడగండి. "సహాయం" గది ఉంటే పేరు మార్చే పని అతని చేతే చేయించండి. మొదటి వారం లేఖరిగా అతన్నే కూర్చోబెట్టండి. మా దగ్గర ఆ వాన రాత్రి చర్చ రాసిన అమ్మాయి ఇప్పుడు ఫోరమ్ మొత్తానికి నిర్వాహకురాలు. నేను ఆవిడ పెట్టిన వంతుల ప్రకారం గురువారాలు జవాబులు చెబుతుంటాను.

మీ ఫోరమ్ ఏ సాఫ్ట్‌వేర్ మీద ఉందో చెబితే ఆ లింకుల ప్లగిన్ ఎలా పెట్టాలో వివరంగా రాస్తాను. మూడు నెలల తర్వాత ఆ రెండో లెక్క ఎంత వచ్చిందో కూడా ఇక్కడే రాయండి.